వదిన బయట పెట్టిన కుర్చీలు

మా వదినకి మనిషిని నిలబెట్టి మాట్లాడటం చేతకాదు. ఉత్తరం ఇచ్చిపోయేవాడు గుమ్మంలోకొచ్చినా సరే, ముందు కూచోమంటుంది, తరవాతే ఏమిటీ ఎందుకూ. ఈ అలవాటు వల్ల పరాయి దేశంలో మా పరువు పోయింది, వ్యవహారం దుకాణం మూసేసే దాకా వచ్చింది. పరువు పోవడంలో నా వాటాయే ఎక్కువ. అదీ దాచకుండా చెప్తాను. ఇంతకాలమయ్యాక దాచి మూటకట్టుకునేదేముంది?

ఆ ఏడాదిని తలుచుకుంటే అంతా జరిగిందా, కలగన్నానా అనిపిస్తుంది. ఆ ఊరి పొగమంచు అలాంటిది. పొద్దున పదింటి దాకా కదిలేది కాదు. ఎదురింటి మేడ సగం వరకే కనిపించేది. పై అంతస్తు ఉందో లేదో మధ్యాహ్నానికి గానీ తేలేది కాదు. మనుషులు మెత్తగా నడిచేవాళ్ళు, మెత్తగా మాట్లాడేవాళ్ళు. తలుపులు కూడా చప్పుడు చెయ్యకుండా మూసుకునేవాళ్ళు. ఆ వీధి మొత్తానికి గట్టిగా వినిపించే శబ్దం ఒక్కటే, మా వదిన కాలితో తొక్కే కుట్టుమిషను. పడకలో సగం మెలకువలో ఆ చప్పుడు వింటూ ఉంటే ఏ ఊళ్ళో ఉన్నానో నాకే తెలిసేది కాదు.

వదిన వాళ్ళ నాన్న టైలరు. కూతురికి పదేళ్ళకే మిషను ఎక్కడం నేర్పాడు. కొలతలు తియ్యడం నేర్పుతూ ఒక మాట చెప్పేవాడట. "ముందు మనిషిని కూచోబెట్టమ్మా. నిలబడినప్పుడు ప్రతివాడూ పొట్ట లోపలికి లాక్కుంటాడు. కూచుని రెండు నిమిషాలు కబుర్లు చెప్పాడనుకో, ఆ సంగతి మరిచిపోయి వదిలేస్తాడు. అప్పుడు చూడు, చొక్కా ఎక్కడ పట్టేస్తోందో." పని అంతా నేర్పాడు మహానుభావుడు, దుకాణం మాత్రం కొడుక్కి రాసిచ్చాడు. ఆ కొడుకు సూదిలో దారం ఎక్కించడానికి అక్కని పిలిచే రకం. పెళ్ళయ్యేదాకా వదిన తమ్ముడి దుకాణంలో వెనక గదిలో కూచుని కాజాలు కుట్టింది. ఈ సంగతి చెప్పేటప్పుడు కూడా ఆవిడకి కోపం రాదు. వచ్చేది నాకే.

అందుకే అన్నయ్య ఉద్యోగం మీద ఆ దేశం వచ్చినప్పుడు, ఉన్న ఒక్క చెల్లెల్ని నన్నూ వెంటబెట్టుకొచ్చినప్పుడు, వదిన మొదటి నెలలోనే ఒక ఖాళీ గది చూసుకుంది. బట్టలు బాగుచేసే దుకాణం పెడతానంది. వెడల్పు రెండు బారలు. కుట్టుమిషను, ఇస్త్రీ బల్ల, తొడుక్కుని చూసుకోవడానికి ఒక పరదా, మూల పగిలిన అద్దం, గుండీల డబ్బా, ఇంతే పట్టింది. బోర్డు తనే రాసుకుంది. తాళంచెవి కొంగుకి కట్టుకుని ఆ రోజంతా ఉత్తినే తడుముకుంటూ తిరిగింది.

మునిసిపల్ ఆఫీసు వాళ్ళు ఏడాదికి మాత్రం కాగితం ఇచ్చారు. ఏడాది నిండేలోగా ఒక అధికారి చెప్పాపెట్టకుండా వస్తాడట. ఈ దుకాణం ఈ వీధికి కావాలా, అక్కర్లేదా అని చూసి రాసుకుపోతాడట. అక్కర్లేదని రాస్తే తాళాలు తిరిగి ఇచ్చెయ్యాలి. మధ్యలో అన్నయ్య ఫ్యాక్టరీ మూతపడింది. ఇక మేం ముగ్గురం అక్కడ ఉండాలంటే ఆ దుకాణం నిలబడాలి. వెనక్కి వెళ్ళిపోవడం నాకూ అన్నయ్యకీ పెద్ద బాధేం కాదు. వదిన మాత్రం మళ్ళీ ఆ తమ్ముడి వెనక గదిలోకి, ఆ కాజాల దగ్గరకి వెళ్ళాలి.

ఇక కుర్చీల సంగతి. ఇంట్లో భోజనాల బల్లకి ఆరు కుర్చీలుండేవి. ఉన్నది ముగ్గురం. దుకాణంలో కుర్చీ వెయ్యడానికి జాగా లేదు కాబట్టి, వచ్చినవాళ్ళు కూచుంటారని వదిన ఒక కుర్చీ తెచ్చి బయట ఫుట్‌పాత్ మీద, కిటికీ పక్కన వేసింది. తుడిచి, లోపలికెళ్ళి బాబిన్‌కి దారం చుట్టుకుని వచ్చేసరికి కుర్చీ లేదు.

మర్నాడు ఇంకోటి వేసింది. మధ్యాహ్నం దాకా ఉండి అదీ మాయమైంది. మూడోది వారం తరవాత పోయింది. నాలుగోది పోయాక అన్నయ్యా నేనూ వంతులేసుకుని భోంచేశాం. అయిదోది పోయాక అన్నయ్య కంచం చేత్తో పట్టుకుని గోడకి ఆనుకుని తింటూ, "ఏమోయ్, తరవాత బల్ల కూడా బయట పెడతావా? నాకు ముందే చెప్తే నేలమీద తినడం అలవాటు చేసుకుంటాను" అన్నాడు.

"పోనిద్దురూ. ఎవరికో కూచోవాలనిపించి ఉంటుంది" అంది వదిన. చీమ కుట్టినట్టయినా లేదు.

నాకు ఒళ్ళు మండిపోయింది. ఇంత మెత్తగా నడిచే మనుషులు ఇంత దొంగలా అనుకున్నాను. ఆరో కుర్చీ బయట పెట్టిన రోజు పరదా వెనక నిలబడి కాపలా కాశాను. మెళ్ళో కొలతల టేపు, నోట్లో రెండు గుండుసూదులు.

పొగమంచులోంచి ఒక పెద్దమనిషి వచ్చాడు. మంచి కోటు, మెరుస్తున్న బూట్లు. కుర్చీ ముందు ఆగాడు. దాని వీపు మీద చెయ్యి వేసి ఊపి చూశాడు, గట్టిగానే ఉంది. కిటికీ అద్దంలోంచి నేను కనపడ్డానేమో, నా వంక చూసి గుండె మీద చెయ్యి పెట్టుకుని నవ్వాడు. నవ్వి, కుర్చీ ఎత్తుకున్నాడు. దొంగతనం చేస్తూ నవ్వు కూడానా? సూదులు ఉమ్మేసి బయటికి పరిగెత్తాను. వాళ్ళ భాష నాకప్పటికి నలభై మాటలొచ్చు. కోపంలో ఒక్కటీ రాలేదు.

"కుర్చీ కింద పెట్టవయ్యా!"

మూడుసార్లు అరిచాను. మూడోసారికి కుర్చీ కాళ్ళు రెండు నా చేతుల్లో, వీపు ఆయన చేతుల్లో ఉన్నాయి. వీధిలో కిటికీలు ఒక్కొక్కటే తెరుచుకున్నాయి. మంచులో మొహాలు కనపడలేదు గానీ చూస్తున్నారని తెలిసింది. ఆయన కుర్చీ వదిలేశాడు. మొహం ఎర్రబడిపోయింది. ఏదో గొణిగి, తల దించుకుని వెళ్ళిపోయాడు. నేను గెలిచానని కుర్చీని లోపలికి ఈడ్చుకొచ్చాను.

వదిన ఇస్త్రీ పెట్టె పట్టుకుని నిలబడిపోయింది. "ఆయన మొహం చూశావా? దొంగ మొహం అలా ఉండదమ్మాయ్" అంది. నేను వినిపించుకోలేదు.

ఆ మర్నాటి నుంచి మా దుకాణానికి ఎవరూ రాలేదు. అంతకుముందు పెద్ద గిరాకీ ఉందని కాదు. ఒకరోజు జిప్పు, ఒకరోజు ప్యాంటు పొడవు తగ్గించడం, అలా నడుస్తుండేది. ఇప్పుడు అదీ లేదు. మా గుమ్మం దగ్గరికి వచ్చేసరికి జనం అవతలి ఫుట్‌పాత్ ఎక్కి వెళ్తున్నారు. వదిన మిషనుకి నూనె వేసేది, గుండీలు రంగుల వారీగా సర్దేది, మళ్ళీ కలిపేసి మళ్ళీ సర్దేది. ఏడాది నిండటానికి నెలా పది రోజులుంది.

చివరికి ఒక మనిషి వచ్చాడు. రెండు గుమ్మాల అవతల రొట్టెల దుకాణం ఆయన. తెగిన ఏప్రన్ పట్టీ బల్లమీద పెట్టి, ఇబ్బందిగా చూశాడు. మాకు అర్థమయ్యేలా ఒక్కో మాటా నిదానంగా విడదీసి చెప్పాడు.

"మీకు తెలిసినట్టు లేదు. ఇక్కడ ఎవరికైనా ఒక వస్తువు అక్కర్లేకపోతే ఫుట్‌పాత్ మీద పెడతారు. కావలసినవాళ్ళు తీసుకుపోతారు. అడగక్కర్లేదు. మీరు ఒకదాని తరవాత ఒకటి కుర్చీలు ఇచ్చేస్తుంటే, కొత్తగా వచ్చినావిడది ఎంత పెద్ద చెయ్యో అని వీధంతా అనుకున్నాం. ఇచ్చింది లాక్కోవడం మాత్రం ఇక్కడ ఎవరూ చూడలేదు."

నాకు తల తీసేసినట్టయింది. నేను దొంగని పట్టుకోలేదు, కృతజ్ఞతలు చెప్పిన మనిషిని నలుగురిలో దొంగని చేశాను.

"ఒకటి నా దగ్గరే ఉంది. పిండి బస్తాల పక్కన వేసుకున్నాను. తెచ్చి ఇచ్చెయ్యనా?" అన్నాడు రొట్టెలాయన.

"కూచుంటున్నారా అన్నగారూ?" అంది వదిన.

"కూచుంటున్నాను. నడుం నొప్పి తగ్గింది."

"అయితే ఉంచండి" అని పట్టీ కుట్టి ఇచ్చేసింది.

వదిన ఆరో కుర్చీ మళ్ళీ బయట పెట్టింది. ఈసారి ఎవరూ ఎత్తుకుపోలేదు. ఎవరూ కూచోనూ లేదు. మేము మొదటినుంచీ కోరుకున్నది అదే కదా, కుర్చీ వేసినచోట వేసినట్టు ఉండటం. ఉంది. రాత్రి కురిసిన మంచుకి తడిసేది, వదిన పొద్దున్నే గుడ్డతో తుడిచేది, మళ్ళీ తడిసేది. దాన్ని చూస్తే నాకు అన్నం దిగేది కాదు. నోరు పారేసుకుంది నేను, శిక్ష ఆవిడకి.

వారం చూసి వదిన రొట్టెలాయన్ని అడిగింది, ఆ కోటాయన ఎవరని. ఎదురు మేడ మూడో అంతస్తు, అన్నాడు. తల్లి ఉంది, ముసలావిడ, మెట్లు దిగదు. రోజంతా కిటికీలోనే ఉంటుంది. ఆవిడ కుర్చీ కాలు విరిగితే, ఎత్తు సరిపోయేది దొరకక కొడుకు మీ కుర్చీ చూసి సంతోషపడ్డాడు, అన్నాడు.

"అంటే ఆవిడ ఇన్నాళ్ళూ కిటికీ దగ్గర నిలబడే ఉందా?" అంది వదిన. అంతే, చేతిలో పని కింద పెట్టి బయటికెళ్ళి కుర్చీ ఎత్తుకుంది. "పద."

"నేనా? నేనెందుకు వదినా?"

"అరిచింది నేనా మరి?"

మూడంతస్తుల మెట్లు. కుర్చీ ముందుకాళ్ళు ఆవిడ పట్టుకుంది, వెనక్కాళ్ళు నేను. ప్రతి మలుపులోనూ ఆగి గోడకి తగలకుండా తిప్పాం. తలుపు తీసిన కోటాయన నన్ను చూసి ఒక అడుగు వెనక్కి వేశాడు. పాపం, మళ్ళీ అరుస్తాననుకున్నాడు. నలభై మాటల్లో నాకు బాగా వచ్చిన మాట ఒకటుంది, క్షమించండి అని. మూడుసార్లు అరిచాను కాబట్టి మూడుసార్లు చెప్పాను. ఆయన కూడా అదే మాట నాకు తిరిగి చెప్పాడు. ఇక మా ఇద్దరి దగ్గరా మాటలు అయిపోయాయి.

కిటికీ దగ్గర మామ్మగారు కర్టెన్ పట్టుకుని నిలబడి ఉంది. వదిన కుర్చీ వేసి, దులిపి, దాని మీద రెండుసార్లు చేత్తో తట్టింది. మామ్మగారు మెల్లిగా కూచుంది. కూచుని, ఎన్నాళ్ళదో ఒక పెద్ద ఊపిరి వదిలింది. వదిన కళ్ళు అప్పటికే ఆవిడ కోటు మీదున్నాయి. కూచోగానే భుజాల దగ్గర గుడ్డ బిగిసిపోయింది, చేతులు నాలుగు వేళ్ళ మేర పైకి పోయాయి.  వదిన మోకాళ్ళ మీద కూచుని నా మెళ్ళో టేపు లాక్కుంది. మామ్మగారు చేతులు చాచి, చిన్నపిల్లలా నిశ్శబ్దంగా కొలతలు తియ్యనిచ్చింది.

నేను కిటికీలోంచి కిందికి చూశాను. మంచు పలచబడి మా దుకాణం అగ్గిపెట్టెంత కనిపించింది. లోపల దీపం, మిషను, ఖాళీ స్టూలు. మామ్మగారు నా మోచెయ్యి తట్టింది.

"ఆ రోజు నువ్వు అరిచావే, ఏమన్నావు?"

నేను సిగ్గుతో చచ్చిపోయాను. అయినా చెప్పాను, చాలా మెల్లిగా. ఆవిడ పెదాలు కదిపి తనలో తను అనుకుంది. ఆ ముక్క ఆవిడకెందుకో నాకు అర్థం కాలేదు గానీ వద్దనడానికి నాకు మొహం లేదు.

కోటు మర్నాటికి వదులు చేసి ఇచ్చింది వదిన, ఇస్తూ వాళ్ళ నాన్న చెప్పిన మాట కూడా సగం సైగలతో చెప్పింది. ఆ పై రోజు పొద్దున నేను దుకాణం తుడుస్తుంటే మంచులో ఏదో వస్తోంది. ముందు నాలుగు కాళ్ళు గాల్లో కనపడ్డాయి. తరవాత కోటాయన కనపడ్డాడు, కుర్చీ నెత్తిన పెట్టుకుని. ఆయన వెనక, గోడ పట్టుకుని, ఒక్కో అడుగూ లెక్కపెట్టుకుంటూ మామ్మగారు. ఆవిడ వీధిలోకి దిగి మూడేళ్ళయిందట. మా కిటికీ పక్కన కుర్చీ వేయించుకుని, వదులైన భుజాలు రెండు ఊపి అందరికీ చూపిస్తూ మధ్యాహ్నం దాకా కూచుంది. దారినపోయేవాళ్ళని ఆపి ఏదో చెప్పేది. నాకు అర్థమైనంతవరకూ, ముందు కూచోవాలి, తరవాతే కొలత, ఇది ఈ పిల్ల తండ్రి పద్ధతి, అని.

రెండు రోజులకి రొట్టెలాయన తన కుర్చీ తెచ్చుకుని కూచున్నాడు, ఒళ్ళో పిండి అంటిన చొక్కాలు పెట్టుకుని. తరవాత ఎవరో పొడుగాటావిడ వచ్చింది. ఆవిడ చేతిలో ఉన్నది మా నాలుగో కుర్చీ, అన్నయ్య గీరిన గీత ఉంది దాని మీద. అలా పది పన్నెండు రోజుల్లో ఆరూ వచ్చాయి. పొద్దున తెచ్చేవాళ్ళు, సాయంత్రం ఇంటికి పట్టుకుపోయేవాళ్ళు. పొగమంచులో మనుషులకంటే ముందు కుర్చీల కాళ్ళు కనిపించేవి, మెత్తగా, చప్పుడు లేకుండా మా వైపు నడిచొస్తూ. వదిన మిషను మళ్ళీ రోజంతా ఆడింది. నేను కాజాలు కుట్టి కుట్టి వేళ్ళు బొబ్బలెక్కినా కిక్కురుమనలేదు.

అధికారి వచ్చిన రోజు మంచు మరీ దట్టంగా ఉంది. కుర్చీలు వేసేసి ఎవరి పని మీద వాళ్ళు వెళ్ళారు. మామ్మగారు పలహారానికి పైకి వెళ్ళింది. సరిగ్గా ఆ అరగంటలోనే దిగాడాయన, చంకలో ఫైలు. లోపల తొంగి చూశాడు. వదినా, నేనూ, నాలుగు హ్యాంగర్లూ. ఇంకో పురుగు లేదు.

"వచ్చేవాళ్ళెవరూ లేరా?" అన్నాడు.

"వస్తారండీ" అంది వదిన. ఆవిడ చెయ్యి కొంగు ముడి మీదికి పోయింది.

ఆయన ఏదో రాసుకున్నాడు. బయటికొచ్చి కుర్చీలు చూశాడు. "ఇవి మీవేనా?"

అవునని ఒక్క మాటంటే పోయేది. మా సత్యవంతురాలు అంటుందా? "కాదండీ. ఎప్పుడో ఇచ్చేశాం" అంది.

"మరి ఎవరివి?"

చెప్పడానికి ఆవిడ దగ్గర అన్ని మాటల్లేవు. నా దగ్గరా లేవు. ఎవరివీ కాని సామాను ఫుట్‌పాత్ మీద, దుకాణంలో మనిషి లేడు, అని ఆయన రాసుకున్నాడు. వదిన తమ్ముడి వెనక గది కళ్ళ ముందు కనపడింది. ఆయన ఫైలు మూసి, దారికి అడ్డంగా ఉందని కాబోలు, చివరి కుర్చీని వీధంతా వినపడేలా కరకరా ఈడ్చి పైకెత్తాడు.

"కుర్చీ కింద పెట్టవయ్యా!"

నేను కాదు. నేను నోరు తెరవలేదు. పైనుంచి, మంచులోంచి, మూడో అంతస్తు ఉండవలసిన చోటు నుంచి వచ్చింది, వణుకుతున్న ముసలి గొంతు. మన తెలుగే. అధికారి తలెత్తి వెతికాడు. అంతలో రొట్టెల దుకాణం గుమ్మంలోంచి బొంగురు గొంతు, "కుర్చీ కింద పెట్టవయ్యా." తరవాత ఎడమవైపు కిటికీ, ఆ పైన ఇంకో కిటికీ. ఒకరికి ర పలకదు, ఇంకొకరికి ట్ట తిరగదు. మొహాలు లేవు, గొంతులే. ఇన్నాళ్ళూ తలుపు కూడా చప్పుడు చెయ్యకుండా మూసుకున్న ఆ వీధంతా నేను నోరు పారేసుకున్న ఆ ఒక్క మాటా మామ్మగారి దగ్గర నేర్చుకుని కంఠతా పట్టేసింది.

ఆయన కుర్చీ దించేశాడు. "ఏమంటున్నారు వీళ్ళు?" అని వదినని అడిగాడు.

వదిన రెప్ప వెయ్యకుండా చెప్పింది. "మిమ్మల్ని కూచోమంటున్నారండీ."

ఆయన చుట్టూ చూసి, ఇక తప్పదన్నట్టు కూచున్నాడు. కాసేపటికి ఊపిరి వదిలాడు. పొట్ట ముందుకొచ్చింది, కోటు మధ్య గుండీ బిగుసుకుంది. వదిన టేపు తీసింది. రొట్టెలాయన వచ్చి పక్క కుర్చీలో, పొడుగాటావిడ వచ్చి మరో దాంట్లో కూచున్నారు. కొడుకు చెయ్యి పట్టుకుని మామ్మగారు దిగొచ్చేసరికి ఇంకో పావుగంట. వస్తూనే తన కుర్చీ ఏదని అడిగింది. అధికారి కూచున్నది దాంట్లోనే. ఆయన లేచి, ఆవిడని కూచోబెట్టి, ఇంకోదాంట్లోకి మారాడు. అప్పుడు ఫైలు మోకాలి మీద పెట్టుకుని, ఇందాక రాసింది కొట్టేసి, కొత్తగా రాశాడు.  ముద్ర వేసిన కాగితం వదిన చేతికిచ్చి, కోటు విప్పి ఇచ్చాడు.

"ఎప్పుడు రమ్మంటారు?"

"కాగితం ఎన్నాళ్ళకండీ?" అంది వదిన.

"దానికిక గడువు లేదు."

"అయితే కోటు ఎల్లుండి" అంది.

నేను పరదా వెనక్కి పోయి పగిలిన అద్దం ముందు నిలబడి ఏడ్చాను. ఏడుపు ఆగలేదు. ఎంత సిగ్గుపడ్డ మాట అది, ఎన్ని రాత్రులు నాలిక కరుచుకున్నానని. వదిన పరదా తప్పించి చూసింది. నోట్లో గుండుసూదులు, భుజం మీద అధికారి కోటు.

"అలా నిలబడి ఏడుస్తారా ఎవరైనా? బయట కుర్చీ ఖాళీగా ఉంది, వెళ్ళి కూచుని ఏడువు" అంది.

వెళ్ళాను. మామ్మగారి పక్కన, వీధిలో అందరి మధ్యా నేను కూచోవడం అదే మొదటిసారి.